బుజ్జిబాబు బెంచీ మీద జరగని ఖూనీ

“అవునా, కాదా? ఒక్క ముక్కలో సెప్పు అన్నయ్యా,” అంది అప్పలనర్సమ్మ, మరుగుతున్న టీలో గరిటె తిప్పుతూ.

జగ్గారావు పుట్టి బుద్ధెరిగాక ఏదీ ఒక్క ముక్కలో చెప్పిన మనిషి కాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఉన్న రోజుల్లో ఫోర్‌మన్ వచ్చి “ఆ బోల్టు బిగించావా?” అని అడిగితే, ఆ బోల్టు ఏ కార్ఖానాలో పుట్టిందో, ఏ వేగనెక్కి వచ్చిందో అక్కణ్ణుంచి మొదలెట్టేవాడట. ఫోర్‌మన్ విసుగెత్తి తనే వంగి బిగించుకుపోయేవాడట. అలాంటి మనిషి ఇప్పుడు బెంచీ మీద ఒక కాలు మడిచి పెట్టుకుని, భుజం మీది గంఛా తువ్వాలుతో మీసం తుడుచుకుని, తొడ మీద ఫెడీమని ఒక చరుపు చరిచాడు. అది చూడగానే అప్పలనర్సమ్మకి నీరసం వచ్చేసింది. తొడ చరిచాడంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

“ఆ డైరెక్టరు నీకు తెలుసా అని గదా అడిగినావు? ఆడు మనూరొచ్చిన మొదటి రోజున స్టేషను బయట నిలబడి దిక్కులు సూస్తన్నాడు సెల్లెమ్మా. నానటుగా ఎల్తన్నాను. ‘దాదా, ఇక్కడ మంచి టీ ఎక్కడ దొరుకుతాది?’ అనడిగినాడు. నాను సెయ్యెత్తి మన కొట్టు సూపించినాను. అంతే. గొప్పకి సెప్పట్నేదు, ఉన్నమాట.”

“అయితే తెలుసన్నమాటే గదా. మరి ఓపాలి ఫోన్ సేసి మాటాడు.”

“అక్కడికే వస్తన్నాను.”

అక్కడికి వస్తాడన్న ఆశ ఆమెకి లేదు. కానీ ఇవాళ ఆమెకి వేరే గతి కూడా లేదు.

నిమ్‌పురాలో రైల్వే యార్డు గోడవారన ఉన్న ఈ టీ కొట్టు ఆమె మొగుడు బుజ్జిబాబు పెట్టింది. పాత స్లీపరు చెక్కలు కోసి బెంచీ అతనే చేశాడు. పైన బోర్డూ అతనే రాశాడు. ‘బుజ్జిబాబు టీ దుకాణం’ అని తెలుగులో, బెంగాలీలో, హిందీలో, మూడు వరసలు. ఎనిమిదేళ్ళ కిందట, బుజ్జిబాబు చనిపోయిన ఏడాదే, ఒక సినిమా యూనిట్ వచ్చి షూటింగుకి ఈ కొట్టు కావాలంది. మొగుడి పేరు తెర మీద చూసుకోవచ్చని ఆమె సంబరంగా సరేనంది. తీరా సినిమా వచ్చాక హాల్లో కూర్చుని చూస్తే కొట్టుకి బోర్డు లేదు. దాన్ని పీకేసి, తిరగేసి, దాని మీద ఒక రౌడీ కత్తి నూరుతున్నాడు. రౌడీల నాయకుడు ఇదే బెంచీ మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరిని ఖూనీ చేయిస్తున్నాడు. ఒకడి మొహాన్ని మరిగే టీ గిన్నెలో ముంచేశాడు కూడా. మొగుడు పోయినప్పుడు నలుగురిలో ఏడవకుండా నిలదొక్కుకున్న మనిషి, ఆ రోజు హాల్లో వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పట్నుంచీ ఇది ఖూనీ బెంచీ అయి కూర్చుంది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి దాని మీద చచ్చినట్టు పడుకుని ఫోటోలు దిగుతారు. “మాషీ, మొహం ముంచింది ఈ గిన్నెలోనేనా?” అని అడుగుతారు. తాల్‌బగీచా నుంచి బడికి వెళ్ళే టీచరమ్మలు ఇదివరకు రోజూ ఆగి టీ తాగేవారు, ఇప్పుడు తల వంచుకుని పోతారు. వీధిలో పిల్లలు ఆ విలన్‌లా తొడ చరిచి, “ఫిర్ క్యా హువా, మాలూమ్?” అని అరుచుకుంటూ కర్రలతో పొడుచుకుంటారు. సినిమాలో వాడు ప్రతి ఖూనీకి ముందూ అదే మాట అనేవాడు.

ఇప్పుడు ఆ కంపెనీయే రెండో భాగం తీస్తోంది. లొకేషన్లు చూసే రాబిన్ అనే కుర్రాడు నిన్న కోల్‌కతా నుంచి ఫోన్ చేసి, ఇవాళ సాయంత్రం వర్క్‌షాపు పని ముగిసే హూటరు కూసేలోపల వచ్చి మాట తీసుకుంటానన్నాడు. ఇవ్వనంటే? పక్క ఖాళీలో ఇలాంటి కొట్టే సెట్టు వేసి, ఖూనీలు అక్కడే కానిచ్చేస్తారట. అంటే ఇచ్చినా అదే, ఇవ్వకపోయినా అదే. ఇక ఉన్న దారల్లా ఆ డైరెక్టరుకే నేరుగా చెప్పడం. బాబూ, మా కొట్టులో ఎవరూ ఎవర్నీ చంపరు, మా బోర్డు మాకుంచు అని. ఆ మాట చెప్పే మనిషెవరు? డైరెక్టరూ తనూ కంచం పొత్తూ మంచం పొత్తూ అని ఎనిమిదేళ్ళుగా ఊరంతా చెప్పుకు తిరుగుతున్నది జగ్గారావే. అందుకని ఆమె మధ్యాహ్నమే కబురుపెట్టి, వేడివేడిగా ఉల్లి పకోడీ వేసి మరీ కూర్చోబెట్టింది.

పకోడీ అయిపోయింది. డైరెక్టరు ఇంకా స్టేషను బయటే ఉన్నాడు.

“టీ తాగినాక ఆడేటన్నాడో తెలుసా?”

“తెల్దు. అక్కర్నేదు. నంబరుందా నేదా?”

“‘దాదా, కెమెరా ఎక్కడ పెట్టమంటారు?’ అన్నాడు. నాను సుట్టూ సూసినాను. ‘అక్కడ పెట్టకు, గూడ్సు అడ్డొస్తాది. ఇక్కడ పెట్టకు, గోల్‌బజారు గేదెలొస్తాయి. అదిగో, ఆడ పెట్టు’ అన్నాను. పెట్టినాడు. ఎంటనే మబ్బిడిపోయి ఎండొచ్చీసినాది. కెమెరామేన్ నా కాళ్ళకి దండం పెట్టీసినాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎండ ఇలగ టైముకి రావడం సూణ్ణేదన్నాడు.”

“ఎండ కూడా నీ మాట వింటుందన్నమాట,” అన్నాడు కామేశం మాస్టారు, పేపరు మడుస్తూ. రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. జగ్గారావు కోతలు వినడానికి రానని రోజూ అంటాడు, రోజూ వస్తాడు.

“మరింటాది మాస్టారూ, వర్క్‌షాపులో అంతకన్నా ఏడి తట్టుకున్నోణ్ణి. సరే, షూటింగు మొదలెట్టినారు. మొదలెట్టీసరికి ఏటి సూసినాను? టైర్లు కాల్స్తన్నారు! ‘ఇదేటిరా?’ అంటే, ‘రైల్వే టౌనండీ, పొగుండాలండీ’ అన్నాడు డైరెక్టరు. నాకు ఒళ్ళు మండిపోనాది. బొగ్గింజన్లెప్పుడు పోనాయి, ఈళ్ళెప్పుడు సూసినారు? మనూరి పేరు సెప్తే సాలు, పొగొకటి, వానొకటి, మెళ్ళో ఎర్ర రుమాలొకటి! కరెంటింజన్లొచ్చి మాకే మనవలు పుట్టీసినారు, ఈళ్ళకింకా పొగే. మనోళ్ళనేమో వంటోళ్ళ కింద పెడతారు, ఏటి మాటాడినా ‘అయ్యో రామా’ అంటాడా వంటోడు. ఎవల్రా ఇక్కడ అయ్యో రామా అన్నది? నా డెబ్బయ్యేళ్ళలో నానొక్కపాలి అన్నానేటి?”

“అది మాత్రం నిజం,” అన్నాడు మాస్టారు, ఈసారి మనస్ఫూర్తిగానే. “ఇన్ని సినిమాలు తీశారు. ఈ ఊళ్ళో ఇన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయనీ, బళ్ళున్నాయనీ, గుళ్ళున్నాయనీ, ఘటాలెత్తుకుని మాతాపూజ చేసుకుంటామనీ ఒక్కడు చూపించలేదు. ప్లాట్‌ఫారం, రౌడీ, ప్లాట్‌ఫారం, రౌడీ. చూసి చూసి విసుగెత్తిపోయింది.”

అప్పలనర్సమ్మకి వాళ్ళిద్దరి విసుగూ కలిపినా తన విసుగులో సగం రాదనిపించింది. “ఇసుక్కోడం తర్వాత. అన్నయ్యా, ఫోను.”

“ఆ పొగ, అప్పుడు నానేటి సేసినానంటే, ఈ గంఛా తీసినాను. ఇదే గంఛా. ఇలగ ఒక్క ఇసురు ఇసిరినాను. పొగంతా లేసి కంసావతి ఏరు దాటి మేదినీపూర్ మీద పడిపోనాది. అక్కడ పట్టపగలు దీపాలెట్టుకున్నారు.”

“మా అత్త మేదినీపూర్లోనే ఉంటాది మావా. ఎప్పుడూ సెప్పలేదు,” అన్నాడు మోహనకృష్ణ. అప్పలనర్సమ్మ అక్క కొడుకు, వర్క్‌షాపులోనే పని. ఆవేళ సెలవు.

“మీ అత్త తలుపులేసుకుని తొంగుంటే ఏటి తెలుస్తాది? ఆ తర్వాత పరుగు సీను. హీరో ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకి పరిగెట్టాలి. నాను సెప్పినాను, ‘బాబూ, ఇది మీ ఊరి ప్లాట్‌ఫారం కాదు, ఒక సద్ది మూటట్టుకో’ అని. ఇన్నేదు. ఈ కొస మొదలెట్టినప్పుడు ఆడికి మీసం నేదు. మధ్యలో బుక్‌స్టాలు కాడికొచ్చీసరికి మీసం. ఓవర్‌బ్రిడ్జి కాడికొచ్చీసరికి గెడ్డం. ఆ కొసకి సేరీసరికి ఆడి పక్కనున్న హీరోయిన్‌కి వేరే సినిమాలో పెళ్ళయిపోనాది.”

“ఇప్పుడు మనదానికన్నా పొడుగైన ప్లాట్‌ఫారాలు వేరే ఊళ్ళలో ఉన్నాయి కదయ్యా,” అన్నాడు మాస్టారు.

“ఆళ్ళు టేపుతో కొలిసినారు మాస్టారూ. నాను హీరోతో కొలిసినాను.”

మోహనకృష్ణ టీ మింగలేక దగ్గాడు. అప్పలనర్సమ్మ నవ్వలేదు. గోడ మీద నీడ ఎంత పాకిందో చూసుకుంది. ఇంతలో నీళ్ళ డ్రమ్ము పక్కకి ఎవరో టోపీ కుర్రాడు వచ్చి నిలబడితే, గిరాకీ కదాని అటు చూడకుండానే ఒక గ్లాసు అందించి, మళ్ళీ ఇటు తిరిగింది. “అన్నయ్యా, నీకు దండం పెడతాను. ఆ రాబిన్ గుంటడు వచ్చీ యేళయింది. ఆ డైరెక్టరు నీ మాటింటాడా?”

“ఇంటాడా అంటావేటి? ఫైటింగ్ కాడ ఆణ్ణి కాపాడిందెవలు? వంద మంది రౌడీలు కావాలన్నాడు. మన వర్క్‌షాపోళ్ళనే పట్టుకున్నారు. సెలవులో ఉన్నోళ్ళు, రిటైరైనోళ్ళు, అందరికీ తలా ఒక అట్టకత్తిచ్చినారు. హీరో మధ్యలో. ‘యాక్షన్!’ అన్నాడు. కత్తులు పైకి లేసినాయి. లేసినాయా? అప్పుడేటైనాదో తెలుసా? హూటరు కూసినాది! సాయంత్రం హూటరు. ఇంకేటుంది? వందమందీ కత్తులు ఎక్కడియక్కడ ఒదిలీసి, కేరేజీలట్టుకుని, లైనుగా గేటులోంచి ఎల్లిపోనారు. హీరో ఒక్కడే గాల్లో తన్నుకుంటన్నాడు.”

“ఇది మాత్రం నిజమే మాస్టారూ,” అన్నాడు మోహనకృష్ణ. “మా నాన్న కూడా ఆ రౌడీల్లో ఉన్నాడు. మొహానికి రంగుతోనే ఇంటికొచ్చీసినాడు. ‘అదేటి, సినిమా అయిపోనాదా?’ అని అమ్మడిగితే, ‘ఏమో, హూటరైపోనాది’ అన్నాడు.”

అప్పలనర్సమ్మకీ అది గుర్తే. రిటైరై ఏళ్ళయినా హూటరు కూస్తే జగ్గారావుతో సహా ఈ బెంచీ మీది మగాళ్ళంతా దిగ్గున లేచి నిలబడతారు. ఎందుకు లేచారో లేచాక ఆలోచించుకుంటారు. నిజం ఒకటి దొరికింది కదా అక్కడైనా ఆగుతాడేమోననుకుంది. నిజం దొరికితే జగ్గారావుకి ఇంకా బలం వస్తుందని మర్చిపోయింది.

“సూసినావా, సాక్షమున్నాది! అప్పుడు డైరెక్టరు నా కాళ్ళ మీద పడి ఏడ్సినాడు. ‘దాదా, రౌడీలు ఎల్లిపోనారు, నా బతుకు బుగ్గయిపోనాది’ అని. ‘లేరా ఎర్రోడా’ అన్నాను. వంద మంది రౌడీల ఏషాలూ నానే ఏసినాను. ఒకపాలి గంఛా తలకి సుట్టుకుని పొడిసినాను, ఒకపాలి నడుముకి సుట్టుకుని సచ్చినాను. వంద పాల్లు సచ్చినాను సెల్లెమ్మా. నూటొకటోపాలి సావబోతంటే ఎదర్నుంచి గూడ్సు! ఫుల్ లోడు! హీరో పట్టాల మీద! డ్రైవరు బ్రేకేసినాడు, ఆగనేదు. కుడి సేతిలో టీ గ్లాసుంది, పారబోస్తానేటి? ఎడం సెయ్యి అడ్డెట్టినాను.”

“ఆగిందా?” అన్నాడు మాస్టారు.

“ఆగడం ఏటి మాస్టారూ, ఎనక్కి జరిగింది. జరిగి జరిగి టాటానగర్లో దొరికిందంట. టీ సుక్క ఒలకనేదు. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా?”

“తెల్దు!” అప్పలనర్సమ్మ గరిటె గిన్నె అంచుకేసి ఠంగున కొట్టింది. “నాకు తెల్దు, తెలిసీ పన్నేదు! నా మొగుడి బోర్డు మళ్ళీ తిరగేసి దాని మీద కత్తి నూర్తారేమోనని నానిక్కడ సస్తంటే, నీకు రైళ్ళు ఎనక్కి నడపడం కావాలా?”

జగ్గారావు కాస్త తగ్గినట్టు కనబడ్డాడు, కానీ గొంతు మాత్రం తగ్గలేదు. “అదే సెప్తన్నాను సెల్లెమ్మా. అప్పుడా డైరెక్టరు నా సేతిలో సెయ్యేసి మాటిచ్చినాడు. ‘జగ్గారావు గారూ, ఇకమీదట మీరు ఊ అంటే తప్ప మీ ఊళ్ళో ఒక్క సీను తియ్యను’ అని. తల్లి తోడన్నాడు.”

“ఆ! ఆ మాట నిజమేనా?” ఆమె పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, తన ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది. “అయితే ఇప్పుడే సెయ్యి. ‘నాను ఊ అన్నేదు’ అని సెప్పు.”

జగ్గారావు ఫోను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. “నంబరు పాత ఫోన్లో ఉండిపోనాది. ఆ ఫోను ఖరిదాలో రిపేరుకిచ్చినాను. ఆ రిపేరు కొట్టోడు కూతురు పెళ్ళికి కటక్ ఎల్లినాడు...”

“కాకూ,” అని బాబాయిని పిలిచినట్టు జగ్గారావుని పిలిచాడు నీళ్ళ డ్రమ్ము పక్క కుర్రాడు. “ఒక్కసారి మళ్ళీ తొడ చరవండి.”

అందరూ అటు తిరిగారు. తెలుగు వస్తుంది గానీ బెంగాలీ యాస కొట్టొచ్చినట్టుంది. గ్లాసు కింద పెట్టి ముందుకొచ్చాడు. “నేను రాబిన్‌ని మాషీ. ఫోన్ చేసింది నేనే. మా అమ్మ ఆద్రా రైల్వే కాలనీ తెలుగావిడ. అందుకని వింటూ నిలబడిపోయాను. కాకూ, ‘ఆ తర్వాత ఏమైందో తెలుసా’ అనండి.”

జగ్గారావు బిత్తరపోతూనే తొడ చరిచి ఆ మాట అన్నాడు. రాబిన్ మొహం వెలిగిపోయింది. “మీరే! మిమ్మల్ని వెతికి పట్టుకోకుండా రావద్దన్నారు మా డైరెక్టర్‌గారు.”

“ఇన్నావా!” జగ్గారావు బెంచీ మీంచి ఇంచుమించు లేచిపోయాడు. “ఇన్నారా మాస్టారూ! ఎన్నాళ్ళు కోతలూ కోతలూ అన్నారు! ఆడికి నానంటే పేణం!”

అప్పలనర్సమ్మకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

“ఆయన మీకు బాగా గుర్తున్నారు కదా కాకూ?”

“గుర్తేటి బాబూ! ఆరడుగుల మనిషి, నల్లద్దాలు, సేతికి బంగారు గొలుసు...”

“కాదే,” అన్నాడు రాబిన్. “పొట్టిగా ఉంటారు. షూటింగుకి ముందు ఏడాది చలికాలం. మంకీ టోపీ పెట్టుకుని, దగ్గుతూ, మూడు మధ్యాహ్నాలు ఈ బెంచీ చివర కూర్చున్నారు. పక్కన నేనూ ఉన్నాను, అప్పుడు బక్కగా ఉండేవాణ్ణి.”

జగ్గారావు నోరు తెరిచాడు. “ఆడా? ఆ మంకీ టోపీ? ఆడు ఇన్సూరెన్సు ఏజెంటు గదా?”

“అంటే మావా,” అన్నాడు మోహనకృష్ణ, “నీ కాళ్ళ మీద పడి ఏడ్సిన డైరెక్టరు ఎవడో నీకు తెల్నే తెల్దన్నమాట.”

మాస్టారు నవ్వు ఆపుకోలేక పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కానీ రాబిన్ ఇంకా అయిపోలేదు. వాడికి ఇందులో తప్పేమీ కనబడటం లేదు, పొగుడుతున్నాననే అనుకుంటున్నాడు. “మా సార్‌కి అప్పటిదాకా ఖరగ్‌పూర్ గురించి ఒక్క ముక్క తెలియదు. అంతా కాకూ చెప్పిందే. ఈ బెంచీ మీద ఇరవై ఖూనీలు తన కళ్ళతో చూశానన్నారు. ఒకడి మొహం టీ గిన్నెలో ముంచితే, మర్నాడు అదే గిన్నెలో టీ కాచారన్నారు. బోర్డు వెనక కత్తి నూరేవాళ్ళన్నారు. ఒక్క మాట మార్చకుండా తీశాం. ఆ విలన్ కాలు మడిచి కూర్చోవడం, గంఛాతో మీసం తుడవడం, తొడ చరవడం, ఆయన మాటనే హిందీలో పెట్టిన ఆ ‘ఫిర్ క్యా హువా’ డైలాగు, అన్నీ కాకూవే. నటుడికి నెల రోజులు నేర్పించాం.”

టీ పొంగి పొయ్యిలో పడి చుయ్‌మంది.

అప్పలనర్సమ్మ జగ్గారావు మడిచిన కాలు చూసింది. గంఛా చూసింది. ఎనిమిదేళ్ళుగా ఆ విలన్‌ని ఎక్కడో చూసినట్టుందని అనిపిస్తూనే ఉంది ఆమెకి. రోజూ తన చేత్తో టీ పోసి ఇస్తూనే ఉంది!

“నువ్వా!” అంది. “ఊరి పరువు తీసినారు, పొగెట్టినారు, రౌడీలెట్టినారని ఎనిమిదేళ్ళు నా కొట్టులో కూకుని నా టీ తాగి నువ్వే గదా తిట్టినావు! టీచరమ్మలు ఇటు రాడం మానీసినారు. ఆ బెంచీ మీద సెమ్మకి ఎర్ర బూజు పడితే నెత్తురు మరకని ఫోటో తీసుకున్నాడొకడు. నా మొగుడు సేసిన బెంచీ! నీకు మాత్రం సేతులెలాగొచ్చినాయి, కాదు, నోరెలాగొచ్చినాది?”

“ఆడు బాగా ఇన్నాడు సెల్లెమ్మా,” అన్నాడు జగ్గారావు. “మీరెవలూ ఇనరు. నాను పది సెప్తే ఒకటట్టుకుంటారు. ఆడు పదీ పట్టుకుంటాడని నాకేటి తెలుసు?”

ఆ మాటతో ఆమెకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ చలికాలంలో బుజ్జిబాబు మూడు రోజులూ పడీపడీ నవ్వుతూ ఇంటికొచ్చాడు. “ఇయ్యాల జగ్గన్న ఎవడో పరదేశికి మన కొట్లో ఇరవై ఖూనీలు సేయించీసినాడే!” అని చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. కంచం ముందు కూర్చుని, పొలమారేదాకా నవ్వింది. జగ్గారావు మాట సగం పైగా పారబొయ్యాలని ఈ వీధిలో పసిపిల్లకి తెలుసు. పరదేశికి ఎవరు చెప్తారు? ఆ రోజు మొగుడూ చెప్పలేదు, తనూ చెప్పమనలేదు.

ఆమె పొయ్యి కట్టేసి రాబిన్ వైపు తిరిగింది. “బాబూ, ఇప్పుడు ఈయనేటి సెప్తే అదే తీస్తారా?”

“అందుకే వచ్చాను మాషీ. రెండో భాగానికి కథ లేదు. కాకూ ఏది చెప్తే అది రికార్డు చేసుకుని రమ్మన్నారు.” వాడు ఫోను తీసి బెంచీ మీద పెట్టి నొక్కాడు.

“ఇన్నావా అన్నయ్యా? ఈ కొట్టులో ఏటి జరుగుతాదో ఉన్నదున్నట్టు సెప్పు.”

జగ్గారావు మడిచిన కాలు కిందకి దించాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆఫీసరు ఎదట నిలబెట్టినట్టు నుదురంతా చెమట పట్టింది. “టీ కాస్తారు,” అన్నాడు. కాస్త ఆగాడు. “తాగుతారు. గ్లాసు... ఆడ పెడతారు.” మళ్ళీ ఆగాడు. “ఎల్లిపోతారు.”

“తర్వాత?” అన్నాడు రాబిన్.

“మళ్ళీ వస్తారు.”

“గొడవలు? ఎవరైనా పోవడం?”

“ఎవలూ పోనేదు బాబూ. ఒకపాలి ఒకాయన గొడుగు పోనాది. మర్నాడు దొరికీసినాది.”

రాబిన్ ఆవులింత ఆపుకుంటూ ఫోను జేబులో పెట్టుకున్నాడు. “ఇంతే అయితే మా సార్ ఒప్పుకోరు మాషీ. ఏమీ అనుకోకండి. పక్కన సెట్టు వేసుకుంటాం, పాత కథే ఇంకాస్త పెంచుకుంటాం.” వాడు మోటారుసైకిలు తాళాలు తీశాడు.

అప్పలనర్సమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నిజం చెప్పించింది. దాని వంక చూసేవాడే లేడు. తల పైకెత్తి బోర్డు చూసింది. తెలుగు వరసలో ‘బు’ దగ్గర రంగు రాలిపోతోంది. బెంచీ మీద జగ్గారావు తల వంచుకుని, కొట్టు మూసేశాక మిగిలిన గ్లాసులా కూర్చున్నాడు.

“ఆగు బాబూ,” అంది రాబిన్‌తో. తర్వాత, తను జన్మలో అంటాననుకోని మాట అంది. “అన్నయ్యా, కొయ్యి.”

“ఏటి?”

“కోతలు కొయ్యి. నీకు సేతనైనంత కొయ్యి. కానీ కత్తి రాకూడదు, ఖూనీ రాకూడదు. బోర్డు మాత్రం దిగకూడదు.”

జగ్గారావు ఆమె మొహంలోకి చూశాడు, వేళాకోళం ఏమోనని. కాదు. మెల్లిగా ఒక కాలు బెంచీ మీదకి వచ్చింది. గంఛా మీసం మీదకి వెళ్ళింది. తొడ మీద చరుపు యార్డు దాకా వినబడింది.

“ఈ బోర్డున్నాదే రాబిన్ బాబూ, బుజ్జిబాబు దీన్ని తగిలించిన రోజున మెయిలు డ్రైవరు దూరాన్నుంచి సూసినాడు. మూడు బాసల్లో ఉన్నాది గదా, మూడూ సదవాల గదా, బండాపీసినాడు. దానెనకాల బండాగినాది. దానెనకాలది ఆగినాది. హౌరా దాకా బళ్ళన్నీ నిలబడిపోనాయి. జనమంతా దిగి టీకి లైను కట్టినారు. లైను ఈ కొస నిమ్‌పురా, ఆ కొస హౌరా బ్రిడ్జి! ఆ లైన్లోకి ఒక ఖూనీకోరొచ్చినాడు...”

అప్పలనర్సమ్మ గరిటె ఎత్తింది.

“కత్తి నేదు సెల్లెమ్మా, ఉత్త సేతులే! లైన్లో నిలబడి నిలబడి ఇక్కడికొచ్చీసరికి ఆడికి పగ సల్లారిపోనాది. ఇదే బెంచీ మీద కూకున్నాడు. కూకున్నాక ఎవల్ని సంపాలో మర్సిపోనాడు. బుజ్జిబాబు ఆడి మొహం సూసినాడు, గ్లాసు తీసినాడు, ‘ఏటి తమ్ముడూ, అల్లం కూసింత ఎక్కువెయ్యమంటావా?’ అన్నాడు.”

అది బుజ్జిబాబు మాటే. వచ్చిన ప్రతివాడినీ అలాగే అడిగేవాడు, ఆ ‘కూసింత’ దగ్గర కాస్త సాగదీసి. జగ్గారావు కూడా అక్కడ అంతే సాగదీశాడు. రాబిన్ ఎప్పుడు కూర్చున్నాడో, ఫోను ఎప్పుడు మళ్ళీ బయటికి తీశాడో ఆమె చూడలేదు.

వర్క్‌షాపు హూటరు కూసింది. బెంచీ మీంచి ఒక్కడూ లేవలేదు.

“ఆ తర్వాత ఏటైనాదో తెలుసా?” అన్నాడు జగ్గారావు.

అప్పలనర్సమ్మ గరిటె పక్కన పెట్టి, బెంచీ కొసన కూర్చుంది.

“ఏటైనాది అన్నయ్యా?” అంది.